కదలని బటన్

ఆమె బల్ల మీద తొమ్మిది తెరలుంటాయి. రెండు కొత్తవి. మిగతావన్నీ ఎవరో వాడి మానేసిన ఫోన్లు, ట్యాబులు, మూత సగమే తెరుచుకునే ఒక లాప్‌టాప్. ఉదయం ఆఫీసుకి రాగానే సంచీ కుర్చీకి తగిలించి, ఒక్కొక్కదానికీ ఛార్జర్ పెడుతుంది. అవన్నీ ఒక్కసారి మేలుకోవు. ఒకటి వెంటనే వెలుగుతుంది. ఒకటి ఆలోచించి వెలుగుతుంది. ఒకటి చాలాసేపు నల్లగా ఉండి, ఇక దీని పని అయిపోయింది అనుకున్నాక కళ్ళు తెరుస్తుంది. ఆసుపత్రి వార్డులో తెల్లవారినట్టుంటుంది ఆ మూల.

ఒకే పేజీని తొమ్మిదింట్లోనూ తెరిచి చూడటం ఆమె పని. పేజీ ఒకటే, కోడ్ ఒకటే, కానీ ఒక్కో బ్రౌజర్ దాన్ని ఒక్కోలా చదువుతుంది, ఒకే ఉత్తరాన్ని ఇంట్లో నలుగురూ నాలుగు రకాలుగా అర్థం చేసుకున్నట్టు. కొత్త బ్రౌజర్‌లో పక్కపక్కన బుద్ధిగా కూర్చున్న పెట్టెలు పాతదాంట్లో ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. అక్షరాలు గీత దాటి బయటికి వేలాడతాయి. బొమ్మ వెనక బటన్ దాక్కుంటుంది. ఆమె ఒక వరస రాస్తుంది, తొమ్మిదింట్లోనూ చూస్తుంది, చెరిపేస్తుంది, మళ్ళీ రాస్తుంది. అన్నీ సర్దుకున్న రోజు ఎవరూ ఏమీ అనరు. సరిగ్గా ఉన్నదాన్ని ఎవరు చూస్తారు?

ఆఫీసులో ఆమెను రసమట్టం అంటారు. గోడ వంకర కనిపెట్టడానికి తాపీమేస్త్రీలు వాడే, లోపల బుడగ తిరిగే గాజుగొట్టం పేరు అది. ఆ పేరు ఆఫీసు పెట్టింది కాదు, అన్నయ్య పెట్టాడు. తల్లీ తండ్రీ పోయాక చదువు ఆపేసి తాపీ పట్టి, తనకన్నా పదకొండేళ్ళు చిన్నదైన చెల్లెల్ని పెంచిన మేస్త్రీ. బడి నుంచి నేరుగా పని జరిగే చోటికి వచ్చి, ఇసకకుప్ప మీద కూర్చుని, తల కొంచెం పక్కకి వాల్చి, "ఆ చివర దిగింది అన్నయ్యా" అనేది. అతను కొలిచి చూసేవాడు. దిగే ఉండేది. "నువ్వుండగా నాకు రసమట్టం దేనికే, దండగ!" అని నవ్వేవాడు. ఆ సంగతి ఆమె ఒకసారి ఆఫీసులో చెప్పింది. పేరు అంటుకుంది.

అన్నయ్య ఆమెతో మాట్లాడి రెండేళ్ళయింది.

రెండేళ్ళ కిందట ఒక రోజు ఏ పనీ లేక, ఊరికే, అతను కడుతున్న ఇంటి దగ్గర ఆగింది. ఇంటి యజమాని అక్కడే ఉన్నాడు. గోడ నడుము దాకా లేచింది. ఆమె తల పక్కకి వాలింది, అలవాటుగా. "అన్నయ్యా, ఆ మూల అరంగుళం పక్కకి పోయింది" అంది, చిన్నప్పటి గొంతుతో, మెచ్చుకుంటాడని. యజమాని విన్నాడు. మట్టం పెట్టించాడు. బుడగ జారి చివరికి పోయి అక్కడే నిలబడింది.

"ఏం మేస్త్రీ, కళ్ళు పోయాయా?"

పోయింది కళ్ళు కాదు. అప్పుడు చూసింది ఆమె. అన్నయ్య కుడిచెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. ఎడమచేత్తో దాని మణికట్టు పట్టుకున్నాడు. అయినా అది ఆగడం లేదు, గాలి లేనిచోట ఆకు కదిలినట్టు. నెలల తరబడి ఎవరికీ తెలియకుండా దాచుకున్న వణుకు, పదిమందిలో బయటపడింది. ఆ ఇల్లు ఇంకొకరు కట్టారు. తర్వాత ఏ ఇంటికీ అతన్ని పిలవలేదు.

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. మాట్లాడటం మానేశాడు, అంతే.

ఒక మంగళవారం మధ్యాహ్నం వదిన ఫోన్ చేసింది. ఎప్పుడూ వంటింట్లోంచే చేస్తుంది, కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున.

"అమ్మాయ్, నీకో సంగతి చెప్పాలి. మీ అన్నయ్య ఆ ట్యాబుతో కుస్తీ పడుతున్నాడు. నువ్విచ్చిందే, పాతది. నరాల ఆసుపత్రిలో చేతికి వ్యాయామం నేర్పుతారు కదా, గురువారాలు. దానికి ప్రతి సోమవారం పదింటికి టైం తీసుకోవాలట ఇందులో. వేలు పెట్టేలోపు బటన్ పారిపోతోందంటాడు."

"పారిపోవడమేంటి వదినా?"

"నాకేం తెలుసు, కిందికి దూకుతుందట. నేను నొక్కుతానంటే ఒప్పుకోడు. ఎత్తుకుని తిప్పుతాడు దాన్ని, చంటిపిల్లలా. నిన్న గంటసేపు! చివరికి ఎలాగో నొక్కాడనుకో. చెమటలు పట్టేశాయి."

"కొత్తది కొనిస్తానని చెప్పకూడదా?"

"చెప్తే ఉన్నది కూడా కిటికీలోంచి పోతుంది. నీ పేరు ఎత్తకుండా ఏదైనా చేయగలిగితే చెయ్యి, లేకపోతే ఊరుకో. వస్తున్నాడు, పెట్టేస్తున్నా."

కుళాయి చప్పుడు ఆగింది. ఫోన్ కూడా.

ఆ ఆసుపత్రి పేజీ ఆమె ఆఫీసు చూసేదే. అన్నయ్యకు ఆ సంగతి తెలియదు. బల్ల మీద ఏడో తెర, ఆ రకం ట్యాబే. పేజీ తెరిచింది. పైన ఆసుపత్రి భవనం బొమ్మ. కింద టైముల వరస. దాని కింద 'ఖాయం' అన్న బటన్. బొమ్మ ఆలస్యంగా వస్తోంది. రాగానే కిందివన్నీ నాలుగు వేళ్ళ వెడల్పు కిందికి జారుతున్నాయి. నిజమే, పారిపోతోంది.

టీం లీడర్‌తో చెప్పింది. అతను ఆమెకన్నా పదేళ్ళు చిన్న, చెడ్డవాడు కాదు, ఎప్పుడూ ఎక్కడికో వెళ్ళాల్సినవాడిలా నిలబడే మాట్లాడతాడు.

"రసమట్టంగారూ, ఆ బ్రౌజర్ వాడేవాళ్ళు వందకి ఇద్దరు కూడా లేరండీ. వచ్చే ఏడాది దాన్ని వదిలేద్దాం అనుకుంటున్నాం. ఎవరి కోసం ఇదంతా?"

"ఆ ఇద్దరి కోసం."

"ఇద్దరూ మీ చుట్టాలా ఏంటి?" అని నవ్వాడు.

ఆమె కూడా నవ్వింది. నవ్వు సరిగ్గా కూర్చోలేదు మొహం మీద. "రెండు రోజులివ్వండి చాలు" అంది.

రెండు రోజులూ ఆ ఏడో తెర ముందే కూర్చుంది. బొమ్మకి ముందుగానే ఖాళీ చోటు వదిలింది, అది ఎప్పుడొచ్చినా దాని జాగా దానికి ఉండేలా. ప్రతి పెట్టెకీ ఎత్తు బిగించింది. బటన్‌ని పెద్దది చేసింది, బొటనవేలు మొత్తం ఆనినా పట్టేంత. తర్వాత వచ్చే పేజీ కూడా సర్దింది. ఖాయం నొక్కాక 'మీ కోరిక నమోదైంది' అన్న వాక్యం వస్తుంది, దాని కింద 'రద్దు' బటన్ ఉంటుంది. పాత బ్రౌజర్‌లో ఆ రద్దు తెర దాటి ఎక్కడో అడుగున పడిపోయేది. దాన్ని పైకి లాగి, వరసలో పెట్టింది. రద్దు నొక్కితే 'నిజంగానా?' అని అడిగే చిన్న పెట్టె సగం తెర బయట తెరుచుకుని, జవాబు చెప్పే దారి లేక పేజీ బిగుసుకుపోయేది. పాత బ్రౌజర్ల వరకు ఆ పెట్టె తీసేసింది. రద్దు చేసుకునేవాళ్ళు తెలిసే చేసుకుంటారు కదా అనుకుంది.

రెండు పేజీలనూ ఒకదాని వెనక ఒకటి తిప్పి చూసింది. ఒక్క గీత కదల్లేదు. మొదటి పేజీలో బటన్ ఎక్కడుందో, రెండో పేజీలోనూ సరిగ్గా అక్కడే బటన్. నునుపు చేసిన గోడలా ఉంది. తల కొంచెం పక్కకి వాల్చి చాలాసేపు చూసుకుంది. రెండేళ్ళ తర్వాత అన్నయ్య వేలు ఆనుకోవడానికి ఒక చోటు కట్టింది తను, అతనికి తెలియకుండా. శుక్రవారం సాయంత్రం ఆ పేజీ జనంలోకి వెళ్ళింది.

సోమవారం వదిన కుళాయి తిప్పకుండానే ఫోన్ చేసింది. "ఏం మాయ చేశావో గానీ, ఒక్క నిమిషంలో అయిపోయింది. కాలర్ ఎగరేసుకుని తిరుగుతున్నాడు ఇల్లంతా. రెండు గదుల ఇల్లు, ఎంతని తిరుగుతాడు పాపం!"

ఆ వారం ఆమెకు ఆఫీసు మెట్లు తక్కువనిపించాయి. వదిన మళ్ళీ చేయలేదు. చేయలేదంటే అంతా బాగుందనే అనుకుంది. బాగున్న పేజీ గురించి ఎవరు మాట్లాడతారు? గురువారాల్లో, నాలుగింటికి, ఇప్పుడు అతను వేళ్ళు ముడుస్తూ తెరుస్తూ ఉంటాడు అనుకునేది. తన వేళ్ళు కూడా ఒకసారి ముడిచి తెరిచేది.

మూడు వారాల తర్వాత ఫోన్ వచ్చింది. ఈసారి వీధిలోంచి. బండ్ల చప్పుడు.

"అమ్మాయ్, పేరు తీసేశారు."

"ఏం పేరు?"

"మీ అన్నయ్య పేరు. మొదటి గురువారం వెళ్ళాం, మీకు టైం లేదన్నారు. నేను నొక్కాను, నమోదైందని వచ్చింది అన్నాడు. లేదన్నారు. రెండో వారం అంతే. మొన్న గురువారం కౌంటర్‌లో ఆవిడ, పోనీ ఇంట్లో ఎవరిచేతైనా నొక్కించుకోకూడదా తాతగారూ, అంది. మంచిగానే అంది. తాతగారూ అంది. యాభై ఐదేళ్ళ మనిషిని. వెంటనే తిరిగొచ్చేశాడు. వరసగా మూడు వారాలు టైం లేకపోతే బ్యాచ్‌లోంచి పేరు తీసేస్తారట, తీసేశారు."

"నాకెందుకు చెప్పలేదు వదినా?"

"నీకు చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నాడు. నువ్వే ఏదో చేస్తున్నావని పసిగట్టాడేమో తెలీదు. ఇప్పుడు చెప్తున్నానా లేదా?" బండ్ల చప్పుడు కాస్త దూరమైంది. "డాక్టర్ ముందే చెప్పాడు కదమ్మా. ఈ వ్యాయామం ఉన్నదాన్ని నిలబెడుతుందంతే, పోయినదాన్ని తేలేదు అని."

ఆఫీసులో అందరూ భోజనానికి వెళ్ళారు. ఆమె ఏడో తెర ముందు కూర్చుని పేజీ తెరిచింది. నొక్కింది. టైం పడింది. మళ్ళీ. పడింది. పదిసార్లు నొక్కింది, పదిసార్లూ పడింది. పేజీలో ఏ తప్పూ లేదు. ఏ తప్పూ లేకపోవడం భయం పుట్టించింది.

అప్పుడు కుడిచెయ్యి బల్ల మీంచి ఎత్తింది. ఆ రోజు గోడ దగ్గర చూసిన చేతిని గుర్తు చేసుకుంది. మణికట్టు వదులు చేసి, వేళ్ళని వణకనిచ్చింది. మొదట దొంగ వణుకు. కాసేపటికి అది నిజమైంది, ఆపుదామన్నా ఆగలేదు. ఆ చేత్తోనే బటన్ మీద వేలు పెట్టింది.

టక్. టక్.

మొదటి తాకిడికి టైం ఖాయమైంది. పేజీ మారింది. రెండో తాకిడి పడేసరికి, సరిగ్గా ఆ వేలి కింద, గీత కూడా తేడా లేకుండా, రద్దు ఉంది. రద్దు నొక్కుకుపోయింది. నిజంగానా అని అడిగే పెట్టె లేదు. 'మీ కోరిక నమోదైంది' అంది తెర. ఖాయానికీ రద్దుకీ ఆసుపత్రి రాయించుకున్నది ఆ ఒక్క వాక్యమే. అన్నయ్య అది చూసే కాలర్ ఎగరేశాడు.

పాత పేజీ వంకరగా ఉన్నప్పుడు రద్దు ఎక్కడో అడుగున పడి ఉండేది. ఆ వంకరే ఇన్నాళ్ళూ అతన్ని కాపాడింది. తను దాన్ని సరిచేసింది.

ఆసుపత్రి లెక్కలు తెరిచింది. ఈ మూడు వారాల్లో పాత బ్రౌజర్ల నుంచి టైం తీసుకుని, అదే క్షణంలో రద్దయిన పేర్లు ఇరవై మూడు. నరాల ఆసుపత్రికి వచ్చేవాళ్ళు. చేతులు వణికేవాళ్ళు కాక ఇంకెవరొస్తారు అక్కడికి?

టీం లీడర్ ఈసారి కూర్చున్నాడు.

"టెస్టింగ్‌లో పాసయింది కదండీ?"

"నా చేత్తో పాసయింది."

అతను కాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు. "ఆసుపత్రికి... బ్రౌజర్ పాతది, దాని వల్ల వచ్చిన ఇబ్బంది అని రాద్దాం. అబద్ధమేం కాదు కదా."

"అబద్ధమే. బ్రౌజర్ నేను రాసింది రాసినట్టు చదివింది."

"మీ ఉద్యోగం గురించే చెప్తున్నానండీ నేను."

"తెలుసు. నా పేరే రాయండి."

ఒక గంటలో పేజీ మార్చేసింది. రద్దుని ఖాయానికి దూరంగా, కుడివైపు అడుగుకి నెట్టింది. మొదటి తాకిడి తర్వాత మూడు క్షణాలు పేజీ దేన్నీ వినకుండా చేసింది. ఖాయానికి ఒక వాక్యం, రద్దుకి ఇంకో వాక్యం. చూడటానికి పేజీ ఒక పక్కకి ఒరిగినట్టుంది. అలాగే వదిలేసింది. ఆసుపత్రి నుంచి సాయంత్రానికి జవాబు వచ్చింది, పొడిగా. బ్యాచ్ నిండిపోయింది, ఆ ఇరవై మూడుమందీ మళ్ళీ నమోదు చేసుకుంటే తర్వాతి బ్యాచ్‌లోకి తీసుకుంటాం, అది నాలుగు నెలలకి.

ఆఫీసు నుంచి నేరుగా అన్నయ్య ఇంటికి వెళ్ళింది. రెండో అంతస్తు. గోడ పట్టుకుని ఎక్కింది. వదిన తలుపు తీసి, ఆమెను చూసి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ గొంతు తగ్గించింది. "వచ్చావా తల్లీ. లోపలున్నాడు. ఏడవకు, బతిమాలకు. రెండూ పడవు ఆయనకి."

కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు. చిక్కిపోయాడు. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు, చలి వేసినవాడిలా. తల తిప్పలేదు.

"ఎవరే?"

"మీ చెల్లెలు" అంది వదిన.

"గోడలేమైనా చూడ్డానికొచ్చిందా? ఇక్కడివి నేను కట్టలేదని చెప్పు."

ఆమె నిలబడే చెప్పింది. పేజీ తన ఆఫీసుదని, బటన్ కదలకుండా చేసింది తానేనని, రెండు బటన్లూ ఒకే చోటికి వచ్చాయని, మొదటి తాకిడికి పడింది రెండో తాకిడికి పోయిందని. తడబడకుండా, తప్పుని తెర మీద చూపించినట్టు, ఒక్కో మెట్టూ చెప్పింది. అతను కిటికీలోంచి ఎదురింటి నీళ్ళ ట్యాంకునే చూస్తూ విన్నాడు.

చూపు తిప్పకుండానే అన్నాడు. "అంటే, నా చెయ్యి సరిగ్గానే నొక్కిందా?"

"సరిగ్గా నొక్కింది. మొదటిసారే."

"మూడు వారాలూ?"

"మూడు వారాలూ."

చేతులు తొడల కిందనుంచి తీశాడు. కుడిచేతి వేళ్ళ కణుపుల మీద పక్కు కట్టిన గాయాలున్నాయి. వరసగా నాలుగు.

"గోడకేసి కొట్టాను దీన్ని" అన్నాడు, ఎవరి పిల్లాడినో కొట్టినట్టు. "ఒక్క పని చేతకాదా నీకు అని."

వదిన మొహం అటు తిప్పుకుంది. తర్వాత లోపలికెళ్ళి అతనికి మంచినీళ్ళు తెచ్చింది. గ్లాసులో సగం కన్నా తక్కువే. ఎప్పుడు మొదలుపెట్టిందో అలా పోయడం, ఆ ఇంట్లో అది అలవాటైపోయింది.

"మళ్ళీ పేరు రాయించాలన్నయ్యా. నేను నొక్కనా?"

"ముట్టుకోకు."

ట్యాబు తనే ఒళ్ళో పెట్టుకున్నాడు. పేజీ వచ్చింది. వేలు గాల్లో కొంతసేపు తిరిగి, దిగింది. రెండుసార్లు తాకింది, మూడోసారి కూడా తాకింది. మొదటిదాన్ని తప్ప పేజీ దేన్నీ వినలేదు.

"పడిందా?"

"పడింది."

"ఎప్పటికి?"

ఆమె తేదీ చదివింది. అతను వేళ్ళ మీద లెక్కపెట్టబోయి, మానేశాడు. "అప్పటికి ఈ ట్యాబు పట్టుకోగలనో లేదో" అన్నాడు. నిష్ఠూరంగా అనలేదు. వానొస్తుందేమో అన్నట్టు అన్నాడు.

ఆమె చెప్పులు వేసుకుంటుంటే లోపలినుంచి మాట వినపడింది. "మిగతావాళ్ళకి చెప్పారా?"

"ఆసుపత్రి వాళ్ళు చెప్తారన్నయ్యా."

"వాళ్ళేం చెప్తారు, తేదీ చెప్తారు. నువ్వు చెప్పు. మీ చెయ్యి తప్పు కాదని చెప్పు."

దానికి ఆసుపత్రి ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది. అక్కడే, రికార్డుల గది పక్కన ఒక స్టూల్ మీద కూర్చుని, వాళ్ళ ఫోన్‌లోంచే చేసింది ఆమె. అన్నయ్యది తీసేస్తే ఇరవై రెండు పేర్లు. రోజూ ఆఫీసు మధ్యాహ్నపు విరామంలో వచ్చి నాలుగైదు. ఒక ఆయన బూతులు తిట్టాడు. ఒక ముసలావిడ, "పోనీలేమ్మా, నేనే తప్పు నొక్కాననుకుని మా కోడలికి కూడా చెప్పలేదు" అంది. ఎక్కువమంది అన్నది ఒకటే మాట. నా చెయ్యే అనుకున్నాను.

సాయంత్రం వదిన ఫోన్ చేసేది. "ఎంతమంది అయ్యారని అడుగుతున్నాడు."

"తొమ్మిది."

మర్నాడు, "పద్నాలుగు." ఆ మర్నాడు, "పద్దెనిమిది." అతను ఫోన్ దగ్గరికి రాడు. వెనక ఎక్కడో దగ్గు వినపడుతుంది, విన్నాడనడానికి గుర్తుగా. ఈ పేర్లు అయిపోతే అతను అడగడానికి ఏమీ మిగలదని ఆమెకు తెలుసు. అయినా ఒక్క రోజు కూడా ఆలస్యం చేయలేదు.

ఇరవై ఒకటి అయ్యాయి. చివరి నంబరు మోగుతుంది, ఎవరూ ఎత్తరు. మర్నాడు మోగింది. ఆ మర్నాడూ మోగింది. రికార్డుల గదిలో ఆ మనిషి చిరునామా ఉంది గానీ, అక్కడ ఇల్లు ఖాళీ చేశారన్నారు. వారం దాటింది.

"ఆ ఒక్కరూ ఎత్తారా అంటున్నాడు" అంది వదిన.

"లేదు వదినా. రేపు మళ్ళీ చేస్తానని చెప్పు."